అంకుశం ఎవరి మీద?

మొన్న పుంగనూరులో తల్లిదండ్రుల కూటం ఒకటి జరిగింది. వాక్యం చెప్పడానికి మమ్మల్ని పిలిచారు. మాకంటే ముందు ఓ టీచరమ్మ మాట్లాడారు. పిల్లల పెంపకం మీద ఎక్కడో శిక్షణ పొంది వచ్చారట. బోర్డు మీద రెండు ఇంగ్లీషు మాటలు రాశారు. ఒకటి అథారిటేటివ్, రెండోది అథారిటేరియన్. మొదటిది మంచి తల్లిదండ్రుల తీరు, రెండోది పిల్లల్ని పాడుచేసే తీరు అన్నారు. వెనుక బెంచీలో కూర్చున్న ఓ పెద్దాయన లేచాడు. మదనపల్లె మండీకి టమోటా బండి తోలే మనిషి. "రెండూ ఒకటే కదమ్మా, రెండింట్లోనూ బెత్తముంది" అన్నాడు. అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వి మా వైపు తిరిగి, "అయ్యగారు చెప్తారు" అన్నారు.

అయ్యగారు ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయారు. ఏదో నాలుగు మాటలు అని, ప్రార్థన చేసి వచ్చేశాం. దారిపొడుగునా ఆయన ప్రశ్నే. సెమినరీలో గ్రీకు చదివాం, ముప్పై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్నాం. అయినా ఆ రెండు మాటలకు తెలుగులో రెండు మాటలు నోటికి రాలేదు. మనకున్నది అధికారం అనే ఒక్క మాట. తహసీల్దారుది అధికారమే, పార్టీ గెలిస్తే వచ్చేది అధికారమే, ప్రభువు బోధలో జనం చూసి ఆశ్చర్యపోయిందీ అధికారమే. ఒకే మాట ఇన్ని పనులు చేస్తుంటే, ఒకదాని గౌరవం ఇంకొకటి దొంగిలిస్తూ ఉంటుంది. కొన్నేళ్లుగా మన చుట్టుపక్కల జరుగుతున్నవి చూస్తుంటే, ఈ దొంగతనం చిన్నది కాదనిపించింది. అందుకే ఈ వారం ఈ సంగతి.

ముందు ఆ టీచరమ్మ చెప్పిన దాని మూలం చూద్దాం. 1960లలో అమెరికాలోని బర్క్‌లీలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలున్న ఇళ్లను దగ్గరగా పరిశీలించి, పెంపకాన్ని మూడు తీరులుగా విడదీశారు. పిల్లవాడు ఏమడిగినా సరేననే ఇల్లు ఒకటి. చెప్పింది చెయ్యి, ఎందుకని అడక్కు అనే ఇల్లు ఒకటి. హద్దు గట్టిగా గీసి, ఆ హద్దు ఎందుకో చెప్పి, పిల్లవాడి మాట వినే ఇల్లు మూడోది. ఈ మూడోదానికే అథారిటేటివ్ అని పేరు పెట్టారు. క్రమశిక్షణ విషయంలో రెండో ఇల్లూ మూడో ఇల్లూ రెండూ గట్టివే, కాబట్టి టమోటా పెద్దాయన అన్నదాంట్లో సగం నిజముంది. తేడా ఎక్కడంటే, మూడో ఇంట్లో తండ్రి తాను పెట్టిన నియమానికి తానూ లోబడతాడు. పిల్లవాడిని అబద్ధమాడొద్దన్నవాడు, అప్పులవాడు వస్తే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అనడు. తండ్రులు పిల్లలకు కోపం పుట్టించి వారిని క్రుంగదీయకూడదని పౌలు ఎఫెసీయులకూ కొలొస్సయులకూ రాసింది కూడా ఇలాంటి ఇంటినే దృష్టిలో పెట్టుకుని. పిల్లలు లోబడాలని చెప్పిన వెంటనే, అదే ఊపిరిలో, తండ్రికీ ఒక హద్దు గీశాడు. మన ప్రసంగాల్లో మొదటి వచనం వినిపించినంతగా రెండోది వినిపించదు, అది వేరే సంగతి.

అథారిటీ అనే మాట లాటిను నుంచి వచ్చింది. దాని మూలధాతువుకు పెంచడం, ఎదిగించడం అని అర్థం. రచయితను ఆథర్ అంటున్నామే, ఆ మాటా అక్కడిదే. అంటే పుట్టుకలో అది ఒకదాన్ని ఎదిగించేవాడికి ఉండే గౌరవం. అథారిటేరియన్ అనే మాట చాలా ఆలస్యంగా, పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టింది. అప్పటికి మనుషులు ఆ గౌరవాన్ని ఎన్ని విధాల పాడుచేయవచ్చో చూసేశారు కాబట్టి, కొత్త మాట అవసరపడింది.

తెలుగులో దానికి దగ్గరగా మనం వాడే మాట నిరంకుశత్వం. ఈ మాటను మేము చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్నాం. నిరంకుశుడంటే చేతిలో అంకుశం పట్టుకుని అందర్నీ పొడిచేవాడని అనుకునేవాళ్లం. మాటను విప్పి చూస్తే అర్థం తిరగబడుతుంది. నిరంకుశుడు అంటే అంకుశం లేనివాడు, అంటే తన మీద ఏ అంకుశమూ లేని ఏనుగు. కవులు నిరంకుశులు అని పాతవాళ్లు అన్నది కూడా, వారిని వ్యాకరణం పట్టి ఆపలేదనే అర్థంలోనే.

కుప్పం, పలమనేరు వైపు ఉన్న పాఠకులకు ఏనుగు సంగతి మేము వివరించనక్కర్లేదు. కౌండిన్య అడవి అంచున పొలం ఉన్నవాడికి రాత్రి నిద్ర ఉండదు. అడవి ఏనుగు వరి మడిలోకి దిగితే ఏమవుతుందో వారు చూశారు. 2025 మే నెలలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను మన వైపు తెచ్చారు. కుంకీకి అడవి ఏనుగుకున్నంత బలమూ ఉంది. బలంలో తేడా లేదు. దాని మెడమీద ఒక మనిషి ఉన్నాడు, అతని మాట అది వింటుంది, అందుకే ఊరివాళ్లు దాని పక్కన నిలబడగలుగుతున్నారు.

ఇప్పుడు మన లేఖనాల దగ్గరికి వద్దాం. మన తెలుగు బైబిలు వెనుక మదనపల్లె చెయ్యి ఉందని చాలామందికి తెలియదు. అమెరికన్ ఆర్కాటు మిషను నుంచి వచ్చిన డాక్టర్ జేకబ్ చాంబర్లెయిన్ మదనపల్లెలో వైద్యం చేస్తూ, సువార్త చెబుతూ, 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశారు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఆ తరం పండితులు ఒక్కో గ్రీకు మాటకు తెలుగు మాట వెతకడానికి ఎంత శ్రమపడ్డారో తలుచుకుంటే వారిమీద మాకు ఎనలేని గౌరవం. అయినా అధికారము అనే మాట దగ్గర తెలుగు వారికి సహకరించలేదు. మార్కు మొదటి అధ్యాయంలో కపెర్నహూము సమాజమందిరంలో జనం ప్రభువు బోధలో చూసింది అధికారము. మత్తయి ఇరవయ్యో అధ్యాయంలో అన్యజనుల పెద్దలు ప్రజల మీద చలాయించేదీ అధికారమే, అది మీ మధ్య ఉండకూడదని ప్రభువు తేల్చి చెప్పాడు. తెలుగులో చదివేవాడికి రెండుచోట్లా ఒకే మాట. దీన్నిబట్టి చూస్తే, ఉండాలన్నదీ ఉండకూడదన్నదీ ఒకటేనా అన్న సందేహం రావాలి. రాలేదంటే మనం జాగ్రత్తగా చదవడం లేదన్నమాట.

గ్రీకులో తేడా కనిపిస్తుంది. కపెర్నహూములో వాడిన మాట ఎక్సూసియా. దాని మూలంలో అనుమతి ఉంది, పైనుంచి ఇవ్వబడింది అనే భావముంది. అన్యజనుల పెద్దల గురించి చెప్పినచోట అదే మాటకు ముందు కటా అనే ఉపసర్గ చేరింది. మీద పడి కిందికి నొక్కే భావం దానితో వచ్చింది. పేతురు తన మొదటి పత్రికలో సంఘ పెద్దలను హెచ్చరించినప్పుడు కూడా, మంద మీద ప్రభువుల్లా ఉండవద్దన్నచోట, ఇదే కటా కనిపిస్తుంది. అపొస్తలుడు దీన్ని రాజులకు రాయలేదు, సంఘ పెద్దలకు రాశాడు.

అయితే మాకు అన్నిటికంటే వెలుగిచ్చింది ఒక సైనికుడి మాట. దాసుడి స్వస్థత కోసం వచ్చిన శతాధిపతి, తన చేతికింద సైనికులున్నారని, రమ్మంటే వస్తారని, పొమ్మంటే పోతారని చెప్పాడు. మనం ప్రసంగాల్లో ఆ భాగాన్నే ఎత్తి చూపిస్తాం. అతడు దానికంటే ముందు ఒక మాటన్నాడు. తానూ అధికారం కింద ఉన్నవాడినేనన్నాడు. పైనున్నవాడికి లోబడ్డాడు కాబట్టే అతని మాట కింద చెల్లుతోంది. ప్రభువులోనూ అతడు గుర్తుపట్టింది అదే అయి ఉండాలి. తండ్రికి లోబడిన కుమారుడి మాటకు రోగం లోబడుతుందని అతనికి తెలిసింది. ఇశ్రాయేలులో ఇంత విశ్వాసం చూడలేదని ప్రభువు ఆశ్చర్యపడ్డాడు. గమనించండి, ధర్మశాస్త్రం చదవని ఓ పోలీసు దొర లాంటి మనిషి, శాస్త్రులకు అందని సంగతి పట్టేశాడు.

కాబట్టి అథారిటేటివ్ అంటే ఏమిటని పెద్దాయన మళ్లీ అడిగితే, శతాధిపతి అని చెబుతాం. అథారిటేరియన్ అంటే నిరంకుశుడు, అంకుశం తీసేసుకున్న ఏనుగు అని చెబుతాం. ఇద్దరి చేతిలోనూ బెత్తముండవచ్చు. ఎవరికి లోబడి ఉన్నాడో చూడమంటాం.

ఇది పట్టుకుని మన ప్రాంతంలో జరిగినవి చూద్దాం. ఏ పార్టీ వైపూ మేము లేము. ఆ పార్టీ వాళ్లూ ఈ పార్టీ వాళ్లూ మా సంఘాల్లో ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఒకే బల్లలో పాలు పొందుతారు. కాబట్టి ఇద్దరికీ కొంచెం కష్టంగానే ఉంటుంది.

2022 డిసెంబర్ 28న కందుకూరులో ప్రతిపక్ష నాయకుడి సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, గుంటూరులో మరో తొక్కిసలాటలో ముగ్గురు స్త్రీలు చనిపోయారు. ఆ మరునాడు అప్పటి ప్రభుత్వం జీఓ నంబర్ 1 తెచ్చింది. 1861 నాటి పోలీసు చట్టాన్ని ఆధారం చేసుకుని రోడ్ల మీద సభలు, ర్యాలీలు కట్టడి చేసింది. ఆ చట్టం 1857 తిరుగుబాటును అణచిన తర్వాత తెల్లదొరలు చేసుకున్నది. జనవరి 4న కుప్పం ఎమ్మెల్యే, అంటే 1989 నుంచి అక్కడ గెలుస్తూ వస్తున్న చంద్రబాబు నాయుడు, తన నియోజకవర్గానికి వస్తే పోలీసులు అడ్డుకున్నారు. లాఠీలు లేచాయి.

పదకొండు ప్రాణాలు పోయాక, ప్రభుత్వం ఊరికే కూర్చోవాలా? కూర్చోకూడదు. ఇరుకు సందులో సభ పెట్టొద్దని, ఇంతకు మించి జనాన్ని పోగుచేయొద్దని, అంబులెన్సుకు దారి వదలమని చెప్పే అధికారం దానికి ఉంది. మేము నిషేధించలేదు, క్రమబద్ధం చేశామంతే అని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు. 2023 మే 12న ఆ జీఓను కొట్టివేసింది. క్రమబద్ధం చేసే అధికారం ఉన్నంత మాత్రాన లేకుండా చేసే అధికారం ఉన్నట్టు కాదన్నది సుప్రీంకోర్టు 1972లోనే, అహ్మదాబాదుకు చెందిన హిమ్మత్ లాల్ షా కేసులో, వేసిన బాట. మట్టల ఆదివారం ఊరేగింపుకు, వీధి సువార్త సభకు ఏటేటా స్టేషన్‌కు వెళ్లి అర్జీ పెట్టుకునే మనకు ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? ట్రాఫిక్ ఆగకుండా ఎడమవైపు నడవమని ఎస్సై గారంటే అది అథారిటేటివ్. అసలు నడవొద్దు, ఎందుకో అడగొద్దు అంటే రెండోది. ఒకే యూనిఫాం, ఒకే లాఠీ. ఇక్కడ మనకు తృప్తినిచ్చే సంగతి ఏమిటంటే, అంకుశం ఉంది. ఐదో నెలలో అయినా అది పనిచేసింది.

పుంగనూరులో ఆ అంకుశం కనిపించలేదు. 2023 ఆగస్టు 4న అదే నాయకుడి పర్యటనలో ముందు అంగళ్లు దగ్గర, తర్వాత పుంగనూరు దగ్గర ఏం జరిగిందో మనకందరికీ తెలుసు. రాళ్లు, లాఠీలు, కాలిన పోలీసు వాహనాలు. పదిమందికి పైగా పోలీసులకు గాయాలయ్యాయి, ఓ కానిస్టేబులుకు కంటికి తీవ్ర గాయమైంది. ఆ తర్వాత వందలమంది మీద కేసులు. మొదటి రాయి ఎవరు విసిరారో తీర్పు చెప్పడానికి మేము కూర్చోలేదు. మేము చూసినదల్లా ఒకటి. ఆ మధ్యాహ్నం బలం చాలా ఉంది, అటూ ఇటూ ఉంది, మాట వినిపించగల మనిషి ఒక్కడు లేడు. దారి మూసినవాడు ఎందుకు మూశాడో జనానికి చెప్పి ఒప్పించలేకపోయాడు. జనాన్ని తెచ్చినవాడు తాను తెచ్చిన జనాన్ని ఆపలేకపోయాడు. ఆ కానిస్టేబులు మాత్రం, శతాధిపతి సైనికుడిలాగే, రమ్మంటే వచ్చినవాడు.

ప్రభుత్వం మారింది. 2024 జూలై 21, ఆదివారం రాత్రి, మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. సీఐడీ రంగంలోకి వచ్చింది. ఎవరు చేశారన్నది న్యాయస్థానం తేల్చవలసిన మాట, దానిమీద మేము ఒక్క అక్షరం రాయం. కానీ ఏం కాలిందన్నది ఆలోచించండి. మన సంఘాల్లో చాలా కుటుంబాలకున్న ఆస్తి ఒకటో రెండో ఎకరాల డీకేటీ పట్టా. ఆ భూమి వారిదని చెప్పేది కాగితమే, వారికి పలుకుబడి లేదు, బలగం లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ కింద నిషేధిత జాబితాలోకి ఏ సర్వే నంబరు ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, ఎవరు సంతకం పెట్టారు అన్నవి ఆ గదుల్లో ఉండే సంగతులు. దస్త్రం రైతుకు రక్షణ అనుకుంటాం. అంతకంటే ముందు అది అధికారికి అంకుశం. సంతకం పెట్టినవాడు సంతకానికి కట్టుబడాలని చెప్పే అంకుశం. నాబోతు ద్రాక్షతోట కథలో అహాబు రాజు కూడా మొదట ఆ అంకుశానికి జడిశాడు. పిత్రార్జితం ఇవ్వనంటే మంచమెక్కి, గోడవైపు తిరిగి, అన్నం మానేశాడు. లాక్కోకూడదని అతనికి తెలుసు. యెజెబెలుకు ఆ జంకు లేదు. రాజముద్ర తీసుకుని ఉత్తరాలు రాసింది. ముద్ర అసలైనదే, చట్టబద్ధమైనదే. దాని కింద జరిగింది హత్య.

ఇంకొకటి చెప్పాలి, ఇది అన్నిటికంటే బరువైనది. 2025 జూన్‌లో కుప్పం మండలంలోని ఒక పల్లెలో, భర్త అప్పు తీర్చలేదని భార్యను చెట్టుకు కట్టేశారు. బాకీ 80,000 రూపాయలు. ఆమె బిడ్డ ఏడుస్తుంటే జనం చూస్తున్న ఆ వీడియో మీలో చాలామంది ఫోన్లలోకి వచ్చే ఉంటుంది. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కాబట్టి రాష్ట్రమంతా మాట్లాడింది, అరెస్టులు జరిగాయి. అప్పిచ్చినవాడికి అడిగే హక్కు లేదా అంటే, ఉంది. నోటు ఉంటే కోర్టు ఉంది, పెద్దమనుషులున్నారు. ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయంలో మోషే అప్పిచ్చినవాడి హక్కును కాదనలేదు. కానీ తాకట్టు వస్తువు కోసం అప్పుపడినవాడి ఇంట్లోకి దూరకూడదన్నాడు. బయట నిలబడాలి, ఇంటివాడే తెచ్చి ఇవ్వాలి. వాకిట్లో గీసిన ఆ గీత దగ్గర హక్కు ఆగిపోతుంది. ఆ పల్లెలో గీత లేకపోయింది. మాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది ఆ కట్టినవాడొక్కడే కాదు, చుట్టూ నిలబడినవాళ్లు కూడా. అక్కడ ఏ ప్రభుత్వమూ లేదు, జీఓ లేదు, యూనిఫాం లేదు. ఇరుగుపొరుగే. నిరంకుశత్వం అమరావతిలోనో ఢిల్లీలోనో ఉంటుందని పేపరు చదివి అనుకుంటాం. అది ఒక చెట్టు, ఒక తాడు దొరికినచోటల్లా ఉంటుంది.

మంచి అధికారం ఎలా ఉంటుందని యువకులు అడిగితే మేము ఆరోగ్యవరం చూపిస్తాం. మదనపల్లె శివార్లలో అనేక మిషనులు కలిసి 1915లో ఆరంభించిన క్షయ ఆసుపత్రి అది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమట్ మోలర్ దాన్ని నడిపించారు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గాని రాలేదు. కాబట్టి వైద్యమంతా విశ్రాంతి, గాలి, తిండి, నియమం. నెలల తరబడి మంచం మీద ఉండాలి. ఆ శానటోరియాల నియమాలు ఎంత కఠినంగా ఉండేవో, ఈ కాలం పిల్లలు వింటే జైలు అంటారు. కానీ ఆ నియమం రోగి బతకడానికి, ఇంటికి తిరిగి వెళ్లడానికి. డాక్టరు కూడా అదే గాలిలో, అదే జబ్బు మధ్య బతికాడు. తన అధికారం కట్టడానికే గాని పడగొట్టడానికి ఇవ్వబడలేదని పౌలు కొరింథీయులకు రెండుసార్లు రాశాడు, ఒకే పత్రికలో. రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే, పడగొట్టడం ఎంత తేలికో ఆయనకు తెలుసు.

మదనపల్లె పేరు ఎత్తితే ఇంకో మనిషిని తలచకుండా ఉండలేం. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడే పుట్టారు. ఆయన్ని జగద్గురువుగా నిలబెట్టడానికి ఒక పెద్ద సంస్థే కట్టారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, ఆ సంస్థను ఆయనే రద్దు చేశారు. ఆత్మ సంబంధమైన విషయాల్లో ఎవరి అధికారమూ వద్దన్నారు. ఆయన సిద్ధాంతం మనది కాదు. అధికారమే వద్దంటే ఇటు శతాధిపతీ పోతాడు, ఆరోగ్యవరం డాక్టరూ పోతాడు. అయినా చేతికొచ్చిన సింహాసనం వదిలేసి దిగిన మనిషి ముందు, స్టేజీ మీద పెద్ద కుర్చీ కోసం పోటీపడే మన సేవకులు కొంచెం సిగ్గుపడితే తప్పులేదు.

ఇలాంటి రెండు మాటల సంగతే ఇంకో దేశంలో, ఇంకో భాషలో, ఓ యువ సేవకుడికీ ఎదురైంది. 1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. రెండు రోజులకు, ఫిబ్రవరి 1న, డీట్రిక్ బోన్‌హోఫర్ బెర్లిన్ రేడియోలో మాట్లాడారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. జర్మను భాషలో నాయకుణ్ణి ఫ్యూరర్ అంటారు. దారి తప్పించేవాణ్ణి ఫెర్‌ఫ్యూరర్ అంటారు. ముందు ఒక్క అక్షరభాగం చేరితే చాలు. నాయకుడు తన పదవికి, దానిపైనున్న దేవునికి లోబడి ఉన్నంతకాలం నాయకుడు, జనం తననొక విగ్రహం చేస్తుంటే సరేనన్న క్షణంలో దారి తప్పించేవాడవుతాడు అన్నది ఆయన వాదన సారం. ఆ ప్రసంగం పూర్తి కాకముందే ప్రసారం ఆగిపోయింది. 1945 ఏప్రిల్‌లో ఆయన్ని ఉరితీశారు. జర్మనీలో అప్పుడు చాలామంది పాదిరులు రోమా పదమూడో అధ్యాయం చదివి ఊరుకున్నారు. పై అధికారులకు లోబడమన్న ఆ అధ్యాయంలోనే, అధికారి దేవుని పరిచారకుడని రెండుసార్లు ఉంది. పరిచారకుడంటే పైన యజమాని ఉన్నవాడు. ఆ మాట వదిలేసి మిగతాది చదివితే ఏ రాజుకైనా ఇష్టమే.

ఇంతవరకూ రాసి కలం పెట్టేస్తే, ఇతరుల కంట్లో నలుసు తీసినట్టే ఉంటుంది. మన మందిరాల సంగతి కూడా చెప్పాలి. అందుకు మా దూలం ముందు.

పదేళ్ల కిందట మేము కాపరిగా ఉన్న ఒక సంఘంలో మందిరానికి స్లాబు వేయించాం. చందాలు వచ్చాయి, విదేశాల్లో ఉన్న బిడ్డలు పంపారు, కూలి చేసుకునే తల్లులు పిడికెడు బియ్యం ఎత్తి అమ్మి ఇచ్చారు. పని అయ్యాక కమిటీ కూటంలో ఓ యువకుడు లేచాడు. బీకాం చదివిన పిల్లవాడు, మేమే బాప్తిస్మమిచ్చాం. "అయ్యగారూ, లెక్క ఒకసారి చదివితే బాగుంటుంది" అన్నాడు. అంతే అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. మాకు ఎందుకో ముఖం వేడెక్కింది. డబ్బు తినలేదు, దేవుడెరుగు. కానీ లెక్క సరిగ్గా రాసి లేదు. సిమెంటు బిల్లులు ఒక కవరులో, ఇసుక బిల్లులు ఎవరి జేబులోనో. ఆ సంగతి ఒప్పుకోవడానికి బదులు, అభిషిక్తుల జోలికి పోవద్దని దేవుడే చెప్పాడన్నాం. కీర్తన నంబరు కూడా చెప్పాం. పెద్దలు తలలూపారు. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. రెండు మూడు వారాలు వచ్చాడు. తర్వాత రాలేదు. బెంగళూరులో ఉద్యోగమని విన్నాం.

నూట అయిదో కీర్తనను ఆ తర్వాత ఎన్నోసార్లు చదివాం. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో చూడండి. దేవుడు రాజులతో అన్నాడు. ఎవరి గురించి? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. వారు అప్పటికి కొద్దిమంది, అడుగు నేల సొంతంగా లేనివారు, దేశం నుంచి దేశానికి తిరిగే పరదేశులు. బలహీనుణ్ణి ముట్టవద్దని బలవంతుడికి చెప్పిన మాట అది. మేము దాన్ని కుర్చీలో కూర్చుని, నిలబడి ఉన్న ఓ కుర్రవాడి మీద వాడాం. వాక్యాన్ని ఇంత తలకిందులు చేయడం సెమినరీలో మాకెవరూ నేర్పలేదు, మేమే నేర్చుకున్నాం.

అసలు సమూయేలు ఏం చేశాడు? ముసలితనంలో ఇశ్రాయేలీయులందరినీ సమకూర్చి, కొత్తగా అభిషేకం పొందిన రాజును సాక్షిగా నిలబెట్టి, నేనెవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, ఎవరి దగ్గర లంచం తిన్నాను చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. ఎవరూ అడగకముందే లెక్క తానే తెరిచాడు. పౌలు యెరూషలేము పేదలకు చందా తీసుకెళ్లేటప్పుడు, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. ప్రభువు దృష్టికే కాదు, మనుషుల దృష్టికీ నిందకు చోటుండకూడదని రాశాడు. అపొస్తలుడికే ఆ జాగ్రత్త అవసరమైతే, కవరులో బిల్లులు పెట్టుకున్న మాకు ఎంత అవసరం! మన డయాసిస్‌లలో, స్వతంత్ర సంఘాల్లో, ఆస్తుల మీద ఎన్నికల మీద కోర్టులకెక్కిన తగాదాలు తీసి చూస్తే, సిద్ధాంతం గురించి జరిగినవి ఎన్ని? చాలావాటి అడుగున ఒక చదవని లెక్క, ఒక జవాబు చెప్పని కుర్చీ ఉంటాయి. బయటివాళ్ల జీఓల గురించి, దస్త్రాల గురించి మాట్లాడే నైతిక బలం మనకు ఆ కుర్చీ దగ్గరే పోతోంది.

పుంగనూరు కూటం అయిన వారం, ఆ యువకుడి నంబరు వాళ్ల అమ్మగారి దగ్గర తీసుకుని ఫోన్ చేశాం. పదేళ్లయింది కదా, గొంతు గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక కాసేపు ఏమీ అనలేదు. జరిగినదానికి క్షమాపణ అడిగాం. ఏం చెప్పాలో తెలియక, లెక్క ఇప్పుడు రాసి పెట్టామని కూడా చెప్పాం. నిజమే, దొరికిన బిల్లులన్నీ పోగుచేసి, దొరకనివి దొరకలేదని రాసి, మూడు పేజీలు తయారుచేశాం.

"వాట్సాప్‌లో పెట్టండయ్యగారూ, చూస్తాను" అన్నాడు.

పెట్టాం. మరునాడు సాయంత్రం జవాబు వచ్చింది. రెండో పేజీలో కడ్డీల కూడికలో 4,500 రూపాయలు తేడా ఉందట. మేము ఆ పేజీ సరిచేసి, సంఘ కాపరి గారికి పంపాం. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఆయన దాన్ని చదువుతారు.